కాటమయ్య దిగిన జలాంతర్గామి

జనగామ,
12 మార్చి 1969

గౌరవనీయులైన వాల్యా గారికి,

నేనెవరో మీకు తెలియదు. మీరెవరో నాకూ పోయిన వారం దాకా తెలియదు. నా పేరు అండాలు. ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరంతా రోడ్ల మీదే ఉంది, బడి మూసేశారు. అందుకే ఉత్తరం రాసే తీరిక దొరికింది.

పోయిన వారం విద్యార్థులు పట్టాల మీద కూర్చుని సికింద్రాబాదు నుంచి వస్తున్న బండిని మా స్టేషన్లో ఆపేశారు. ఒక పూట అనుకున్నది రెండు రోజులైంది. మా వీధి ఆడవాళ్ళం కిచిడీ వండుకుని, బిందెలతో నీళ్ళు మోసుకుని పెట్టె పెట్టెకూ తిరిగాం. ఒక పెట్టెలో మీ కూతురు రుక్కి కనిపించింది. చంకలో పాప ఒళ్ళు కాలిపోతోంది. "మా ఇంటికి రా బిడ్డా, బండి కదిలినంక పోదువు" అని తీసుకొచ్చాను. రెండు రోజులు మాతోనే ఉంది. పాపకు జ్వరం తగ్గాకే పంపాను, దిగులు పడకండి.

వెళ్ళే ముందు రుక్కి మా సందూక మీద రంగుతో రాసిన పేరు చదివింది. కొడకండ్ల కాటమయ్య. చదివి నా మొహం చూసింది. "టీచరమ్మా, గీ పేరు మా బాపు నిద్రల పిలుస్తడు. ఓడల దోస్తు అంటడు. ఎవలు?" అంది. నేను మీ పేరూ చిరునామా అడిగి రాసుకున్నాను.

వాల్యా గారూ, కాటమయ్య నా భర్త.

1943 జనవరిలో బొంబాయి నుంచి రాసిన ఉత్తరమే ఆఖరిది. ఓడ మీద బొగ్గు పనికి కుదిరానని, యుద్ధం అయిపోగానే వస్తానని రాశాడు. ఆ తర్వాత కాగితం లేదు, కబురు లేదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. శవం రాలేదు కాబట్టి నా బొట్టూ గాజులూ తీయడానికి మా అత్త బుచ్చవ్వ ఒప్పుకోలేదు. "నా కొడుకు వస్తడు" అంది. ఇవాళ్టికీ ఆమెది అదే మాట. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి నన్ను పిలవాలా వద్దా అని జనం ఇంకా గుసగుసలాడుకుంటారు. పిలిస్తే ఒక బాధ, పిలవకపోతే ఒక బాధ. నేను ఏ వరసలో కూర్చోవాలో నాకే తెలియదు.

మీరు ఆయనతో ఒకే ఓడలో ఉన్నారట. నేను అడిగేది ఒక్కటే. ఆయన ఉన్నాడా, లేడా? ఏదైనా తట్టుకుంటాను. తెలియకపోవడమే ఇక తట్టుకోలేను.

ఇట్లు,
అండాలు


మహబూబాబాద్, రైల్వే క్వార్టర్లు,
30 మార్చి 1969

చెల్లె అండాలుకు వాల్యా దీవెనలు.

టీచరమ్మ గారూ అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. కాటమయ్య నన్ను 'అరేయ్' అనే పిలిచేవాడు. అలాంటప్పుడు నువ్వు నాకు చెల్లెవే. నా మనుమరాలికి మందు తాగించి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నావట. ఆ సంగతి రుక్కి మా తండాలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

నేనిక్కడ గ్యాంగ్‌మన్‌ని. బండ్లు ఆగిపోయాయి కదా, పని ఉండదనుకుంటారు అందరూ. ఎండలకు పట్టాలు సాగుతూనే ఉంటాయి. రోజూ సుత్తి పట్టుకుని నడవాల్సిందే. మా తండా బయ్యారం దగ్గర. అక్కడి మట్టిలో ఇనుము ఉంటుంది, వానకాలం కాళ్ళు ఎర్రగా అయిపోతాయి. కాటమయ్య ఆ మాట నమ్మేవాడు కాదు. "నీ కాళ్ళు బొగ్గుకు నల్లగైనయ్, ఎర్రగ ఏడున్నయ్?" అని నవ్వేవాడు.

బొంబాయి రేవులో సరంగు, అంటే ఓడ కూలీల పెద్ద, మమ్మల్ని వరసలో నిలబెట్టి ఎవరిది ఏ ఊరని అడిగాడు. నేను మానుకోట, అదే మహబూబాబాద్, అన్నాను. నా వెనక నుంచి "నాది జనగామ దిక్కు" అని వినపడింది. సరంగు ఇద్దరినీ ఒకే బాయిలరు పొయ్యికి వేశాడు. ఒకడు బొగ్గు విసరాలి, ఒకడు బూడిద లాగాలి. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. మళ్ళీ అదే పొయ్యి, అదే జోడీ. ఒకరు లేకుండా ఇంకొకరు దిగడానికి వీల్లేదు.

కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టి సముద్రానికెందుకు వచ్చావురా అంటే, "తాటిచెట్టు సగం ఎక్కంగనే కండ్లు తిరుగుతయ్. సముద్రమైతే ఎక్కే పని లేదు" అనేవాడు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఇనుప రేకు మీద బొగ్గుముక్కతో రాసి చూపించేవాడు. మా ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ భాష. తెలుగు రాస్తున్నది ఆయన పుణ్యాన.

నువ్వడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఆ యేడు మే నెలలో ఒక జర్మన్ జలాంతర్గామి మా ఓడను ముంచింది. నీళ్ళ కింది నుంచి టార్పెడో వేసింది. కాటమయ్య అప్పుడు పొయ్యి దగ్గర ఉన్నాడు. అక్కడే పోయాడు. నొప్పి తెలిసి ఉండదు. నేను చూడలేదు.

కర్మ చేయించు చెల్లె. ఇక ఎదురుచూడకు.

నీ అన్న,
వాల్యా


జనగామ,
11 ఏప్రిల్ 1969

వాల్యా అన్నకు,

నువ్వు చెల్లె అన్నావు కాబట్టి నేనూ మీరు అనడం మానేస్తున్నాను. తాటిచెట్టు ముక్క మా అత్తకు చదివి వినిపించాను. నోరు తెరిచి నవ్వింది. "అవ్ బిడ్డా, నడుముకు మోకు కట్టుకోంగనే చెమటలు వట్టేటియి వానికి. వాళ్ళ నాయిన నెత్తి కొట్టుకునేటోడు" అంది. ఆమె అలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

కింది ముక్క చదవలేదు. చదవకపోవడానికి కారణం ఆమె కాదు, నువ్వు.

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అబద్ధం చెప్పే పిల్లవాడు ముందంతా నిజమే చెబుతాడు, చివర రెండు మాటలు తొందర తొందరగా చెప్పి బయటికి పరిగెత్తుతాడు. నీ ఉత్తరం అచ్చం అలాగే ఉంది. అక్షరాలు నేర్చుకున్న సంగతికి అన్ని వాక్యాలు, నా భర్త చావుకు ఇన్నేనా?

నువ్వే రాశావు, ఒకే పొయ్యి, అదే జోడీ అని. ఒకరు లేకుండా ఇంకొకరు దిగడానికి వీల్లేదని. మరి ఆయన పొయ్యి దగ్గర ఉంటే నువ్వెక్కడున్నావు? ఆయన అక్కడే పోతే నువ్వెలా బతికావు?

నన్ను కాపాడాలని చూడకు అన్నా. పంతొమ్మిదేళ్ళ పిల్లను కాదు. నిజం రాసి పంపు. బడి మూసే ఉంది. మా పక్కింటి కళావతి రోజూ వచ్చి "టపా వచ్చిందా?" అని అడుగుతోంది. నాకంటే ఆమెకే తొందరగా ఉంది.

నీ చెల్లె,
అండాలు


మహబూబాబాద్,
2 మే 1969

చెల్లె అండాలుకు,

నువ్వు నన్ను బాగానే పట్టుకున్నావు. తప్పు నాదే. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆఫ్రికా ఒడ్డుకు నాలుగైదు రోజుల దూరంలో ఉన్నాం. తెల్లవారుతోంది. ఇద్దరమూ పొయ్యి దగ్గరే ఉన్నాం. టార్పెడో అవతలి వైపు తగిలింది. ఆవిరి గొట్టం పగిలి కాటమయ్య కుడి చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా ఉడికిపోయింది. ఆ చేత్తోనే నన్ను నిచ్చెన మీదికి నెట్టాడు. పావుగంటలో ఓడ మునిగిపోయింది. ఒక పడవలో ఇరవై ఒక్క మందిమి మిగిలాం.

అప్పుడు నీళ్ళు చీల్చుకుని అది పైకి లేచింది. ఎనిమిది డబ్బాల గూడ్సు బండి అంత పొడవు, కానీ బక్కది. తుప్పు కారుతోంది. నడుమ బురుజులా ఒకటి ఉంది, దాని మీద ఎర్ర జుట్టున్న కోడిపుంజు బొమ్మ. లోపలి నుంచి మనుషులు వచ్చారు. రాక్షసులు అనుకున్నాను చెల్లె. తీరా చూస్తే చొక్కాల్లేవు, గడ్డాలు మాసిపోయి ఉన్నాయి, ఒళ్ళంతా నూనె. పొయ్యి ముందు పని చేసే మాకంటే మురికిగా ఉన్నారు. ఎండ తగలగానే కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఇంగ్లీషు వచ్చిన ఆఫీసరు మా ఓడ పేరు, సరుకు అడిగి రాసుకున్నాడు. ఒడ్డు ఏ దిక్కునో చెయ్యి చాపి చూపించి మళ్ళీ మునిగిపోయారు.

మూడో రోజుకు మాకు మనిషికి గుక్కెడు నీళ్ళు మిగిలాయి. కాటమయ్య చెయ్యి వాసన వేస్తోంది. ఒళ్ళు తెలియని జ్వరం. అప్పుడు అదే కోడిపుంజు మళ్ళీ లేచింది. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. వాళ్ళలో డాక్టరు ఉన్నాడు, కళ్ళద్దాల మనిషి. చెయ్యి చూసి ఆఫీసరుతో ఏదో చెప్పాడు. మా ఓడ మేటు, కెప్టెన్ కింది ఆఫీసరు, మాకు హిందుస్తానీలో చెప్పాడు. ఇక్కడే ఉంటే ఈ మనిషి రెండు రోజులు బతకడట. వాళ్ళు తీసుకుపోయి మందు వేస్తారట. తర్వాత ఖైదీగా ఉంచుతారట.

కాటమయ్య పోనన్నాడు. "నువ్వు గూడ రా. లేకుంటే నేను పోను" అని నా చొక్కా పట్టుకున్నాడు. నాకు తగిలింది చిన్న దెబ్బే, నన్ను రానియ్యరు. "పోరా, బతుకుతవ్. అండాలుకు నేను చెప్త" అన్నాను. వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడిపించాను.

వాళ్ళు ఆయన్ని పైకెత్తుకున్నారు. బురుజు మీద గుండ్రటి కంత ఉంది. అందులోంచి లోపలికి దించారు. మూత పడింది. పోయేటప్పుడు ప్రాణంతోనే పోయాడు. పంపింది నేను.

నీ అన్న,
వాల్యా


జనగామ,
20 మే 1969

అన్నా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ప్రాణంతోనే పోయాడని రాశావే, ఆ ఒక్క మాటకు నీ కాళ్ళు మొక్కుతాను. అంత మంచి పని చేసి ఇన్నేళ్ళు దాచుకుంటారా ఎవరైనా?

మా హెడ్మాస్టరు ప్రకాశ్ గారి దగ్గరికి పోయి జర్మనీ ఎక్కడుందో చూపించమన్నాను. గోడ మీద పటం ముందు నిలబడి తల గోక్కున్నాడు. "ఏ జర్మనీ టీచర్? ఇప్పుడు రెండున్నయి" అన్నాడు. యుద్ధం అయ్యాక దాన్ని రెండు చేశారట. మేమిక్కడ విడిపోవాలని పట్టాల మీద కూర్చుంటే, వాళ్ళను అడగకుండానే విడదీశారన్నమాట. సరే, ఏ ముక్కలో ఉన్నాడో తెలియదు కాబట్టి రెండింటికీ రాశాను. ప్రకాశ్ గారు ఇంగ్లీషులో పెట్టాడు, ఢిల్లీలో ఉండే వాళ్ళ ఆఫీసులకు రిజిస్టర్ చేసి పంపాం. పేరు కాటమయ్య, ఊరు కొడకండ్ల, వయసు యాభై రెండు, కుడి చేతికి కాలిన మచ్చ. మచ్చ ఉండే ఉంటుంది కదా?

అత్తకు ఇంకా చెప్పలేదు. ఏదైనా జవాబు వచ్చాక చెబుతాను. కానీ ఆమె ముసలి కళ్ళకు అన్నీ కనిపిస్తాయి. నిన్న నేను ఆకుపచ్చ గాజులు వేయించుకుని వస్తే నా చేతుల వైపే చాలాసేపు చూసింది. 

నీతో చెప్పడానికి సిగ్గెందుకు. అక్కడ ఎవరినైనా చేసుకుని ఉంటాడా అని కూడా అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు మగవాడు ఒంటరిగా ఎలా ఉంటాడు? చేసుకున్నా సరే. పిల్లలున్నా సరే. వాళ్ళ పేర్లు రాసి ఒక కార్డు పంపితే చాలు. రమ్మని కూడా అడగను. బాగున్నాను అని తెలుగులో రెండు మాటలు ఉంటే, మిగిలిన బతుకు దాంతో గడిపేస్తాను.

అన్నా, నువ్వు కూడా ఒక ఉత్తరం రాసి పంపు. జర్మనీ వాళ్ళకు సాక్ష్యం కావాలేమో. ఏ నెల, ఏ తేదీ, కోడిపుంజు బొమ్మ, అన్నీ రాయి.

నీ చెల్లె,
అండాలు


మహబూబాబాద్,
3 జూన్ 1969

చెల్లె,

ఆ గాజుల సంగతి చదివి వెంటనే కాగితం తీశాను. సాక్ష్యం కావాలన్నావు. ఇదే నా సాక్ష్యం. చదివే ముందు కూర్చో.

కాటమయ్యను తీసుకుపోయిన మర్నాడు, పొద్దు వాలుతుండగా ఆ జలాంతర్గామి మళ్ళీ కనిపించింది. చాలా దూరంలో నీళ్ళ మీద తేలుతూ పోతోంది. ఎండ దాని మీదే పడుతోంది, కోడిపుంజు ఎర్ర జుట్టు నేను గుర్తుపట్టాను. అప్పుడు మబ్బుల్లోంచి ఒక విమానం దిగింది. ఇంగ్లీషువాళ్ళది. నీళ్ళకు తగులుతుందేమో అన్నంత కిందికి వచ్చి నాలుగు బాంబు డబ్బాలు వదిలింది. నీళ్ళు తాటిచెట్లంత లేచాయి. అవి పడిపోయాక చూస్తే ఇనుప ముక్కు ఒక్కటే పైకి నిలబడి ఉంది. అదీ మునిగిపోయింది. నల్లటి నూనె పైకి వచ్చి పరుచుకుంది.

మా పడవలో అందరూ లేచి నిలబడ్డారు. ఇరవై మంది. అరిచారు, ఏడ్చారు, ఒకరినొకరు పట్టుకున్నారు. విమానం మమ్మల్ని చూసి చుట్టూ తిరిగింది. మనం బతికాం అని ఎవరో అన్నారు.

నేను చప్పట్లు కొట్టాను.

ఎంతసేపు కొట్టానో తెలియదు. ఆయన అందులో ఉన్నాడని గుర్తొచ్చేసరికి అరచేతులు మండుతున్నాయి. చీకటి పడేదాకా చూశాం. ఎవరూ పైకి రాలేదు. మర్నాడు ఓడ వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1946లో కొడకండ్లకు వచ్చాను. అండాలుకు నేను చెప్త అని మాటిచ్చాను కదా. కాటమయ్య ఇల్లు ఏదని అడిగితే, బావి దగ్గర ఉన్న నిన్ను చూపించారు. చేద లాగుతున్నావు. ఎర్రటి బొట్టు, చేతినిండా గాజులు. పక్కనే మీ అత్త ఉంది. ఏదో అంటే నవ్వావు. ఆ నవ్వు చూశాను. నీళ్ళు కూడా అడగకుండా వెనక్కి నడిచాను. అప్పటి నుంచి ఈ దాచే జబ్బు నాలోనే ఉంది. మొన్న నువ్వు అడిగితే సగం చెప్పాను. ఆ సగం నీకు ఆశ పెడుతుందని నాకు తట్టలేదు.

ఆయన లేడు చెల్లె. బతుకుతవ్ అని నేను పంపిన చోటే పోయాడు.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

వాల్యా


మహబూబాబాద్,
17 ఆగస్టు 1969

చెల్లె అండాలుకు,

జూన్ నుంచి నీ జవాబు లేదు. ఉద్యోగుల సమ్మె, కర్ఫ్యూలు, కాల్పులు అని రోజూ వింటున్నాను. ఈ గడబిడలో టపా ఆగిందో, నువ్వే ఆపావో తెలియదు. నన్ను తిడుతూ ఒక ముక్క రాసినా సరే. నువ్వూ, అవ్వా పైలంగా ఉన్నారని తెలిస్తే చాలు. రుక్కి రెండుసార్లు అడిగింది, టీచరమ్మ ఉత్తరం రాలేదా బాపు అని. పని మీద ఉందని చెప్పాను. మళ్ళీ అబద్ధమే.

వాల్యా


భూపాలపల్లి,
9 అక్టోబర్ 1969

వాల్యా అన్నకు,

టపా ఆగలేదు. నేనే ఆపాను.

నీ జూన్ ఉత్తరం చదివాక పది రోజులు నిన్ను తిట్టాను. బావి దాకా వచ్చి మాట్లాడకుండా పోయినందుకు ఒకసారి తిడితే, చప్పట్లు కొట్టినందుకు పదిసార్లు తిట్టాను. ఆ చేతులు పడిపోను అని కూడా అన్నాను. అన్న మాట దాచడం దేనికి.

తర్వాత ఒక సంగతి జరిగింది. ఆ నెలాఖరున మా వీధిలోకి పోలీసు జీపు వచ్చింది. పిల్లలు రాళ్ళు రువ్వారు. తప్పించుకోబోయి జీపు మురుగు మోరీలో బోల్తా పడింది. డాబాల మీద ఉన్న మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, నలభై ఐదేళ్ళ టీచరమ్మను. కిందికి దిగి చూస్తే కాలు నలిగి అరుస్తున్న డ్రైవరు మా తిరుపతి. నా దగ్గర ఒకటో తరగతి చదివాడు. "టీచర్, టీచర్" అని నన్నే పిలిచాడు. బతికాడు, దవాఖానలో కాలు అతికించారు. ఆ రోజు ఇంటికొచ్చి నా చేతులు చూసుకున్నాను. చప్పట్లు కొట్టేటప్పుడు అవి నన్ను అడగలేదు. నిన్ను మాత్రం ఎందుకు అడిగి ఉంటాయి?

నీ మీద నాకిప్పుడు కోపం లేదు అన్నా. నువ్వు ఆయన్ని చావుకు పంపలేదు, మందుకు పంపావు. ఆ విమానం రాకపోతే నువ్వూ ఉండేవాడివి కాదు. ఇప్పటికీ నేను ఏ వరసలో కూర్చోవాలో తెలియకుండానే ఉండేదాన్ని.

ఆగస్టులో నాకు ఇక్కడికి బదిలీ అయింది. చుట్టూ అడవి, ఒక గది ఇల్లు, పదహారు మంది పిల్లలు. అత్తను బస్సులో ఒళ్ళో తల పెట్టించుకుని తీసుకొచ్చాను. పోయిన ఆదివారం ఇక దాచలేక ఆమెకు చెప్పేశాను. చింతపండు గింజలు తీస్తోంది. "అత్తా, నీ కొడుకు లేడు" అన్నాను. చేతులు ఆపలేదు.

"నాకెరుకే బిడ్డా" అంది.

ఓడ మునిగిన ఆ యేడు వానకాలంలోనే ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చిందట. నేను పొలంలో ఉన్నాను. ఎవరికీ చెప్పకుండా జనగామ దాకా నడిచి, అప్పటి స్టేషన్ మాస్టరు వెంకట్రాంతో చదివించుకుంది. "ఓడ మునిగింది, మనిషి దొరకలే, సచ్చిపోయినట్టే అని చదివిండు. ఇంటికొచ్చి పొయ్యిల పెట్టిన. నీకు పంతొమ్మిదేండ్లు. అందరు గూడి నీ గాజులు పలగ్గొడుతరని భయమైంది. నా కొడుకు ఎట్లనో పోయిండు, నిన్నెందుకు సంపాలె?" అంది.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. ఆమె ఒళ్ళో పడి ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు నా ముందు ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా కొడుకు వస్తాడని చెప్పింది. ఆమె నమ్మకం చెడగొట్టడం ఎందుకని నేనూ వస్తాడనే అన్నాను.

కార్తీకం రెండో సోమవారం ఆయనకు కర్మ చేస్తున్నాం. నా గాజులు ఎవరూ పగలగొట్టరు, నేనే తీసి పక్కన పెడతాను. బొట్టు ఉంటుంది. "బొట్టు మీ అవ్వ పెట్టింది, నా కొడుకు పెట్టింది కాదు. ఎవడు తీయమంటడో రమ్మను" అని అత్త ఇప్పటి నుంచే కర్ర దగ్గర పెట్టుకుంది.

ఆ రోజు పుట్టింటివాళ్ళు చీర తేవాలి. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. నువ్వు తీసుకురా అన్నా. కులం సంగతి ఎవరైనా ఎత్తితే నేను చూసుకుంటాను. తెల్ల చీర మాత్రం తేకు.

నీ ఉత్తరాలన్నీ అత్తకు చదివి వినిపించాను. టార్పెడో, విమానం, చప్పట్లు, ఏదీ వదల్లేదు. అంతా వింది. తర్వాత అడిగింది, "మూడు దినాలు నీళ్ళ మీద ఉన్నరట. ఆ ఓడల దిగేముందు నా కొడుకు ఏమన్న తిన్నడా? రాయి బిడ్డా, ఆ పిలగాన్ని అడుగు."

నువ్వు యాభై ఏళ్ళ పిలగాడివి. ఆమెకు జవాబు రాయి.

నీ చెల్లె,
అండాలు


మహబూబాబాద్,
21 అక్టోబర్ 1969

చెల్లె అండాలుకు,

చీర తీసుకున్నాను. రుక్కి ఎంచింది, ఆకుపచ్చది. అంచు ఎర్రగా ఉంటుంది. కర్మకు ముందు ఆదివారం సాయంత్రానికల్లా చేరుకుంటాను. బస్సు దొరక్కపోతే నాలుగు రోజుల ముందే బయల్దేరి నడుస్తాను, నడవడం నాకు ఉద్యోగమే. రుక్కి కూడా వస్తానంటోంది, పాపను తీసుకుని.

నీ ఉత్తరం చదివి క్వార్టరు బయట అరుగు మీద కూర్చుని ఏడ్చాను. మా గ్యాంగు వాళ్ళు చూశారు. చూడనీ.

ఇక అవ్వ అడిగినదానికి జవాబు. ఇది అబద్ధం కాదు. ఇన్నాళ్ళూ చిన్న సంగతని వదిలేశాను, నన్నెవరూ అడగలేదు కూడా.

తిన్నాడు.

లోపలికి దించే ముందు ఆయన్ని ఆ జలాంతర్గామి పైన కూర్చోబెట్టారు. గడ్డం పెరిగిన ఒక మనిషి గిన్నెలో వేడివేడిగా చారు లాంటిది, నల్ల రొట్టె ముక్కలు తెచ్చి ముందు పెట్టాడు. కాటమయ్య ముట్టుకోలేదు. మా పడవ వైపు చెయ్యి చూపించాడు. వాళ్ళకు అర్థమైంది. ఒక సంచి రొట్టె, ఒక డబ్బా నీళ్ళు మాకు విసిరారు. మేము నోట్లో పెట్టుకున్నాకే గిన్నె వైపు తిరిగాడు.

అయినా తినలేదు. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో తినడానికి సిగ్గుపడి, గిన్నె వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఆ గడ్డపు మనిషి కాసేపు చూశాడు. తర్వాత పక్కన కూర్చుని, రొట్టె చారులో ముంచి, ఊది, ఒక్కొక్క ముక్కే నోట్లో పెట్టాడు. కాటమయ్య చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. ఆఫీసరు తొందర చేస్తున్నా గిన్నె ఖాళీ అయ్యేదాకా అతను లేవలేదు.

అవ్వకు చెప్పు, ఆమె కొడుకు కడుపునిండా తిన్నాడు. చేతితో తినిపించారు.

నీ అన్న,
వాల్యా